దేశస్థాయిలో యాంటీబయాటిక్‌ల వినియోగాన్ని ఏటా లెక్కగట్టడం ఎలా

ఒక దేశంలో ఏడాదికి ఎన్ని యాంటీబయాటిక్‌లు ఖర్చవుతున్నాయన్న ప్రశ్నకు జవాబును పెట్టెల సంఖ్యలో చెప్పినా, కిలోల్లో చెప్పినా ప్రయోజనం ఉండదు. ఒక పెట్టెలో మూడు మాత్రలుంటే మరొక పెట్టెలో నూరుంటాయి. డాక్సీసైక్లిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు చాలు, మెరోపెనెమ్ అయితే రోజుకు 3 గ్రాముల లెక్కన పడుతుంది. అందుకే ఇంత భిన్నమైన మందులన్నిటినీ ముందు ఒకే కొలమానంలోకి తెచ్చి, ఆ తరువాతే కూడాలి. సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా పోవడాన్ని ఎదుర్కోవడానికి 2015లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక ఈ కొలతను ప్రతి దేశం పనిగా పెట్టింది. 2020 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే గ్లాస్ అనే నిఘా వ్యవస్థ దేశాల నుంచి ఈ లెక్కలను స్వీకరిస్తోంది. ఆరోగ్య శాఖలోనో, ఔషధ నియంత్రణ విభాగంలోనో ఈ బాధ్యత కొత్తగా భుజాన పడినవారిని దృష్టిలో పెట్టుకుని, పనిని మొదటి నుంచి చివరి దాకా ఏ క్రమంలో చేయాలో కింద వివరిస్తున్నాను. ఇందులో గణితం సులభమైనది, గుణకారాలు భాగహారాలు మాత్రమే. కష్టమంతా ఆ గణితానికి ముందు, ఏ మందును ఎక్కడ లెక్కపెట్టాలో తేల్చుకోవడంలో ఉంది.

ముందుగా: ఏమి కొలుస్తున్నారో కాగితం మీద రాసుకోండి

వినియోగం, వాడకం అన్న మాటలను మామూలుగా ఒకే అర్థంలో వాడుతాం కానీ ఈ రంగంలో వాటిని వేరుగా చూడాలి. దిగుమతి, అమ్మకం, పంపిణీ రికార్డుల నుంచి మొత్తం ఎంత మందు జనంలోకి వెళ్లిందో అంచనా వేయడం వినియోగ గణన. ఏ రోగికి, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎన్ని రోజులు ఇచ్చారో రోగుల స్థాయిలో తెలుసుకోవడం వాడక పరిశీలన. ఈ వ్యాసం మొదటిదాని గురించి. వినియోగ గణన ఎంత అన్నది చెబుతుందే తప్ప ఎందుకు అన్నది చెప్పదు. ఈ తేడాను మొదటి రోజే మీ పై అధికారులకు వివరించి ఉంచితే, నివేదిక వెలువడిన తరువాత ‘ఇందులో అనవసరంగా రాసినవి ఎన్ని’ అన్న ప్రశ్న ఎదురైనప్పుడు తడబడవలసిన పని ఉండదు.

తరువాత పరిధి. ప్రతి మందుకూ అది పనిచేసే అవయవం, చికిత్స, రసాయన స్వభావాలను బట్టి ఒక సంకేతం ఇచ్చే ఏటీసీ అనే వర్గీకరణ ప్రకారం మందులను గుర్తించండి. దీన్ని ఓస్లోలో 1982లో ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం నిర్వహిస్తోంది. శరీరమంతటా పనిచేసే యాంటీబయాటిక్‌లు జె01 వర్గంలోకి వస్తాయి. అయితే జె01తోనే ఆగిపోతే మెట్రోనిడజోల్ మాత్రలు జారిపోతాయి, ఎందుకంటే దాని ఇంజెక్షన్ జె01లో ఉన్నా నోటి ద్వారా ఇచ్చే రూపం పీ01ఏబీలో ఉంటుంది. అలాగే వాంకోమైసిన్ ఇంజెక్షన్ జె01లోనూ, పేగుల్లోని ఇన్ఫెక్షన్‌కు నోటి ద్వారా ఇచ్చే రూపం ఏ07ఏఏలోనూ ఉంటాయి. కాబట్టి జె01, ఏ07ఏఏ, పీ01ఏబీ మూడింటినీ తీసుకుని, ఒక్కొక్క దాని మొత్తాన్ని విడిగా చూపడం మంచి పద్ధతి. చర్మానికి పూసే లేపనాలు, కంట్లో వేసే చుక్కలు ఈ లెక్కలోకి రావు. క్షయకు ఇచ్చే మందులను కలపదలచుకుంటే వేరే పట్టికలో పెట్టండి. వాటిని మొత్తంలో కలిపితే, క్షయ చికిత్స విస్తరించిన ఏడాది యాంటీబయాటిక్‌ల వినియోగం పెరిగిపోయినట్టు తప్పుడు చిత్రం కనబడుతుంది.

మందు ప్రవాహంలో ఎక్కడ నిలబడి లెక్కపెట్టాలి

మొత్తం పనిలో ఎక్కువ ఆలోచన అవసరమైన ఘట్టం ఇదే. మందు తయారీదారు నుంచో దిగుమతిదారు నుంచో బయలుదేరి, టోకు వ్యాపారి గోదాము గుండా మందుల దుకాణానికో ఆసుపత్రికో చేరి, చివరికి రోగి చేతికి వస్తుంది. ఈ దారిలో ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి కనబడుతుంది, ఏదో ఒకటి మరుగున పడుతుంది. దిగుమతి రికార్డులు సరిహద్దు దాటిన ప్రతి సరుకునూ చూపుతాయి, కానీ అందులో ఎంత ఆ ఏడాదే ఖర్చయిందో, ఎంత గోదాముల్లో మిగిలిపోయిందో చెప్పవు. బీమా చెల్లింపుల రికార్డులు రోగికి దగ్గరగా ఉంటాయి, మందు ఏ వయసు వారికి చేరిందో కూడా చెప్పగలవు. అయితే సొంత డబ్బుతో కొనుక్కున్న మందులు వాటిలో ఉండవు. చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్ముడుపోయే చోట బీమా రికార్డుల మీద ఆధారపడితే వాస్తవంలో పెద్ద భాగం కళ్లముందే తప్పిపోతుంది. టోకు వ్యాపారుల అమ్మకాల లెక్క ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. మొదటిసారి మొదలుపెట్టే చాలా దేశాలకు అదే అనువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే దుకాణాల కన్నా వ్యాపారుల సంఖ్య తక్కువ, వారి రికార్డులు ఎక్కువ క్రమంగా ఉంటాయి, మీరు అడగగలిగిన మనుషులుగా వారు మీకు తెలుస్తారు.

ఎక్కడ నిలబడినా ఒక నియమం తప్పకూడదు: ఒక మందును ఒక్కసారే లెక్కపెట్టాలి. ఒక దిగుమతిదారు పది లక్షల క్యాప్సూళ్లు తెచ్చి టోకు వ్యాపారికి అమ్మాడనీ, ఆ వ్యాపారి వాటిని ఆసుపత్రులకు అమ్మాడనీ అనుకోండి. మీరు ఇద్దరి నివేదికలనూ, ఆసుపత్రుల కొనుగోలు లెక్కలనూ తెప్పించి కలిపితే పది లక్షలు ముప్పై లక్షలవుతాయి. ఇలా జరగకుండా ఉండాలంటే, మందులు దేశంలోకి వచ్చి రోగిని చేరే దారులన్నిటినీ ఒక పెద్ద కాగితం మీద బాణపు గుర్తులతో గీసి, ప్రతి దారినీ ఒకే ఒక్క చోట అడ్డంగా కోసే గీతను ఎంచుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులకు కేంద్రీకృత కొనుగోలు సంస్థ ఉంటే ఆ దారిని అక్కడ, ప్రైవేటు దారిని టోకు వ్యాపారి దగ్గర కోయవచ్చు. కానీ ఆ టోకు వ్యాపారే ప్రభుత్వ సంస్థకూ సరఫరా చేస్తుంటే, అతని లెక్కలోంచి ఆ భాగాన్ని తీసివేయాలి. దేశంలో తయారై తిరిగి ఎగుమతి అయ్యే సరుకును, పొరుగు దేశానికి వెళ్లే దారిలో మీ రేవులో దిగిన సరుకును కూడా మినహాయించండి.

విరాళంగా వచ్చే మందులు, స్వచ్ఛంద సంస్థలు నేరుగా తెచ్చుకునేవి, సైన్యానికీ జైళ్లకూ వేరుగా కొనేవి తరచుగా ఈ చిత్రంలో ఉండవు. వాటి లెక్కలు తెప్పించలేకపోతే, తెప్పించలేకపోయామని రాయండి. ‘ఈ గణన ప్రైవేటు రంగాన్ని పూర్తిగా, ప్రభుత్వ రంగాన్ని ఇంత శాతం మేరకు కలుపుకుంది’ అన్న ఒక్క వాక్యం లేకపోతే, కింద వచ్చే ప్రతి సంఖ్యనూ చదివేవారు తప్పుగానే అర్థం చేసుకుంటారు. చట్టం ప్రకారం లెక్కలు అడిగే అధికారం మీకు ఉందో లేదో కూడా ఈ దశలోనే న్యాయ విభాగంతో తేల్చుకోండి. వ్యాపార రహస్యమన్న అభ్యంతరం రావడం ఖాయం, ఏ కంపెనీ ఎంత అమ్మిందో బయటపెట్టబోమన్న లిఖితపూర్వక హామీ ఇస్తే ఆ అభ్యంతరం చాలావరకు సద్దుమణుగుతుంది.

ప్రతి పెట్టెకూ ఒక వరుస

ఇప్పుడు ఉత్పత్తుల పట్టిక తయారు చేయండి. దేశంలో అమ్మకానికి అనుమతి ఉన్న ప్రతి యాంటీబయాటిక్ పెట్టెకూ ఒక వరుస ఉండాలి. అనుమతి లేకున్నా ప్రత్యేక అనుమతితో దిగుమతి అయినవాటికి కూడా. ఆ వరుసలో వాణిజ్య నామం, మందు పేరు, ఏటీసీ సంకేతం, ఇచ్చే మార్గం, ఒక్కొక్క మాత్రలో లేదా సీసాలో ఉన్న మందు పరిమాణం, పెట్టెలో ఎన్ని ఉన్నాయన్నది రాయండి. ఒకే మందు మాత్ర, సిరప్, ఇంజెక్షన్‌గా ఉంటే అవి మూడు వరుసలు. ఈ పట్టికను ఒకసారి శ్రద్ధగా చేస్తే ఏటా కొత్త వరుసలు చేర్చుకుంటూ పోవచ్చు. అశ్రద్ధగా చేస్తే తప్పులు కూడా అంతే నమ్మకంగా ఏటా తిరిగివస్తాయి.

తప్పులు జరిగే చోట్లు కొన్ని ముందే తెలిసినవి. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన 625 మాత్రలో అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములే. లెక్కలోకి తీసుకోవలసింది ఆ 500నే, మిగిలిన 125ను కాదు. 625గా నమోదు చేస్తే ఆ మందు వినియోగం పాతిక శాతం ఎక్కువగా కనబడుతుంది, అది విరివిగా వాడే మందు కాబట్టి దేశపు మొత్తం అంకె కూడా కదిలిపోతుంది. సిరప్‌ల మీద 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. 100 మిల్లీలీటర్ల సీసాలో 2.5 గ్రాముల మందు ఉన్నట్టు. ఆ 125నే సీసా మొత్తానికి రాసేస్తే లెక్క ఇరవై రెట్లు పడిపోతుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు యూనిట్లలో వస్తాయి. బెంజైల్‌పెన్సిలిన్ పది లక్షల యూనిట్లను 0.6 గ్రాములుగా మార్చుకోవాలి. దిగుమతి పత్రాల్లో కొన్నిసార్లు మందు లవణంతో, నీటి అణువులతో కలిపిన బరువు ఉంటుంది. మీకు కావలసింది అసలు మందు బరువు మాత్రమే. ఈ పట్టికను గణాంక నిపుణుడు ఒక్కడే తయారు చేయడం నాకు నచ్చదు. పక్కన ఒక ఫార్మసిస్టు కూర్చుని ప్రతి వరుసనూ చదివితే, వారం రోజుల్లో దొరికే తప్పులు ఏ సాఫ్ట్‌వేరుకూ దొరకవు.

గ్రాముల నుంచి డీడీడీలకు

డీడీడీ అంటే నిర్దేశిత దైనిక మోతాదు: ఒక మందును దాని ప్రధాన ఉపయోగానికి పెద్దవారికి ఇచ్చినప్పుడు రోజుకు సగటున ఇంత పడుతుందని అనుకుని పెట్టుకున్న కొలత. ప్రతి ఏటీసీ సంకేతానికీ, ఇచ్చే మార్గానికీ ఓస్లో కేంద్రం ఈ విలువను నిర్ణయించి ప్రకటిస్తుంది. మొత్తం గ్రాములను డీడీడీ విలువతో భాగిస్తే ఎన్ని డీడీడీలో వస్తుంది.

నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ డీడీడీ 1.5 గ్రాములు. 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు పదిహేను ఉన్న పెట్టెలో 7.5 గ్రాములుంటాయి, కాబట్టి అది 5 డీడీడీలు. అజిత్రోమైసిన్ డీడీడీ 0.3 గ్రాములు, 500 మిల్లీగ్రాముల మాత్రలు మూడున్న పెట్టెలో 1.5 గ్రాములుంటాయి, అదీ 5 డీడీడీలే. పదిహేను క్యాప్సూళ్లూ మూడు మాత్రలూ సమానమయ్యాయి కదా, పెట్టెలు లెక్కపెట్టడం ఎందుకు పనికిరాదో ఇక్కడ తెలుస్తుంది. మూడు రోజుల చికిత్స 5 డీడీడీలుగా ఎలా మారిందని సందేహం రావచ్చు. డీడీడీ ఒక కొలబద్ద మాత్రమే, వైద్యుడు రాయవలసిన మోతాదు కాదు. ఏ రోగి దగ్గరా అది సరిగ్గా సరిపోకపోయినా, ఏటా అదే కొలబద్దతో కొలిచినంతకాలం పోలిక నిలుస్తుంది.

ఇచ్చే మార్గాన్ని బట్టి విలువ మారుతుందని మరవకండి. సిప్రోఫ్లోక్సాసిన్ నోటి ద్వారా 1 గ్రాము, ఇంజెక్షన్‌గా 0.8 గ్రాములు, అమాక్సిసిలిన్ ఇంజెక్షన్‌గా 3 గ్రాములు. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ మిశ్రమం వంటి వాటికి గ్రాములతో పని లేదు, యూనిట్ మోతాదులతో లెక్క: 480 మిల్లీగ్రాముల మాత్ర ఒక యూనిట్, 960 మాత్ర రెండు యూనిట్లు, నాలుగు యూనిట్లు ఒక డీడీడీ. ఏ విలువా కేటాయించని స్థిర మిశ్రమాలు (ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపినవి) కొన్ని మార్కెట్లలో చాలా ఉంటాయి. వాటిని నిశ్శబ్దంగా పక్కన పడేయకుండా, ఏ నియమంతో లెక్కించారో రాసిపెట్టి విడి పట్టికలో చూపండి.

జనాభాతో భాగించడం

మొత్తం డీడీడీలను వెయ్యితో గుణించి, జనాభాను ఏడాదిలోని రోజులతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే, వెయ్యి మందికి రోజుకు ఎన్ని డీడీడీలో వస్తుంది. రెండు కోట్ల జనాభా ఉన్న ఒక ఊహాదేశంలో ఏడాదికి 10.95 కోట్ల డీడీడీలు ఖర్చయ్యాయనుకోండి. రెండు కోట్లను 365తో గుణిస్తే 730 కోట్లు, 10.95 కోట్లను వెయ్యితో గుణించి దానితో భాగిస్తే 15 వస్తుంది. అంటే వెయ్యి మంది జనానికి సగటున రోజుకు 15 దైనిక మోతాదులు ఖర్చయ్యాయన్నమాట. ఆ రోజు సరిగ్గా పదిహేను మందే మందు వేసుకున్నారని దీన్ని చదవకూడదు. లీపు సంవత్సరంలో 366 వేయండి.

ఈ భాగహారంలో కింద వేసే జనాభా, పైన వేసిన మందుల లెక్క ఏ జనానికి సంబంధించిందో అదే జనానికి చెందాలి. మీ దగ్గర ఉన్నది 60 లక్షల మంది సభ్యులున్న బీమా పథకపు లెక్కే అయితే, భాగించవలసింది 60 లక్షలతో, రెండు కోట్లతో కాదు. ఏడాది మధ్యనాటి జనాభా అంచనాను తీసుకుని, ఆ అంచనా ఎక్కడిదో రాయండి; శరణార్థులు ఎక్కువగా ఉన్న దేశంలో వారిని కలిపారో లేదో కూడా రాయండి. జనగణన తరువాత పాత అంచనాలు సవరణకు గురైతే మీ పాత సంవత్సరాల లెక్కలు కూడా మారాలి.

మొత్తాన్ని విడదీయండి

ఒక్క మొత్తం అంకె వార్తాపత్రికకు సరిపోతుంది, విధానం నిర్ణయించేవారికి సరిపోదు. ఆసుపత్రుల బయట సమాజంలో వాడినదానిని, ఆసుపత్రుల్లో వాడినదానిని విడిగా చూపండి. అది సాధ్యం కాకపోతే నోటి మందులు, ఇంజెక్షన్లుగా విడదీసినా కొంత తెలుస్తుంది. ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తెచ్చిన అవేర్ వర్గీకరణ ప్రకారం విడదీయండి. అందులో అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, జెంటామైసిన్ వంటివి మొదటగా వాడదగిన యాక్సెస్ వర్గంలో, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్ వంటివి జాగ్రత్తగా గమనిస్తూ వాడవలసిన వాచ్ వర్గంలో, కోలిస్టిన్, లినెజోలిడ్ వంటి చివరి ఆయుధాలు రిజర్వ్ వర్గంలో ఉంటాయి. ఇక్కడా ఇచ్చే మార్గం ముఖ్యమే: ఫాస్ఫోమైసిన్ నోటి ద్వారా ఇస్తే వాచ్, సిరలోకి ఇస్తే రిజర్వ్. వర్గీకరణను 2019, 2021, 2023 సంవత్సరాల్లో సవరించారు కాబట్టి ఏ సంవత్సరపు జాబితాను వాడారో పట్టిక శీర్షికలోనే పేర్కొనండి.

2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ రాజకీయ ప్రకటన, మనుషులకు వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం 2030 నాటికి యాక్సెస్ వర్గానికి చెందాలని లక్ష్యం పెట్టింది. మీ యాక్సెస్ శాతాన్ని దాని పక్కన పెట్టి చూపండి, కానీ శాతంతో పాటు అసలు పరిమాణాన్ని కూడా చూపండి. యాక్సెస్ మందుల వినియోగం అనవసరంగా పెరిగిపోయినా శాతం మెరుగుపడినట్టే కనబడుతుంది, అందుకని శాతం ఒక్కదాన్నే మెచ్చుకోవడం ప్రమాదకరం. మొత్తం వినియోగంలో 90 శాతాన్ని ఎన్ని మందులు ఆక్రమిస్తున్నాయో లెక్కించి ఆ జాబితా ఇస్తే, ఏ నాలుగైదు మందుల మీద దృష్టి పెట్టాలో వైద్యులకు ఒక్క చూపులో అర్థమవుతుంది.

ప్రకటించే ముందు అనుమానించండి

ప్రతి మందు విషయంలో నిరుటి అంకెనూ ఈ ఏటి అంకెనూ పక్కపక్కన పెట్టి, నాలుగో వంతు కన్నా ఎక్కువ పెరిగినవాటిని, తగ్గినవాటిని గుర్తించండి. వాటిలో కొన్ని నిజమైన మార్పులు. మిగిలినవాటి వెనుక లెక్కలు పంపని వ్యాపారి ఉండవచ్చు, వెయ్యికి బదులు లక్ష అని టైపు చేసిన పొరపాటు ఉండవచ్చు, ఏడాది చివర్లో దిగి వచ్చే ఏడాది దాకా గోదాములో కూర్చున్న సరుకు ఉండవచ్చు. దిగుమతుల మీద ఆధారపడే చిన్న దేశాల్లో ఈ చివరి కారణం వల్ల అంకెలు ఒక ఏడాది ఎగిసి మరుసటి ఏడాది పడిపోతుంటాయి; అలాంటప్పుడు రెండు మూడేళ్ల సగటును కూడా చూపడం మంచిది. వినియోగం హఠాత్తుగా తగ్గినప్పుడు సంతోషించే ముందు, ఎవరి లెక్కలు రాలేదో చూడండి.

కొలబద్దే మారిన సందర్భం కూడా ఒకటుంది. 2019లో నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ డీడీడీని 1 గ్రాము నుంచి 1.5 గ్రాములకు పెంచారు, మరికొన్ని మందుల విలువలనూ మార్చారు. 30 లక్షల గ్రాములు అంతకుముందు 30 లక్షల డీడీడీలైతే ఆ ఏడాది నుంచి 20 లక్షలే అవుతాయి. ఒక్క క్యాప్సూలు తగ్గకుండానే కాగితం మీద మూడో వంతు మాయమవుతుంది. పాత సంవత్సరాలన్నిటినీ కొత్త విలువలతో తిరిగి లెక్కించిన తరువాతే గ్రాఫు గీయండి. ఇలా తిరిగి లెక్కించాలంటే మీ దగ్గర పెట్టెల స్థాయి మూల సమాచారం భద్రంగా ఉండాలి. డీడీడీల మొత్తాలను మాత్రమే దాచుకుని మూల ఫైళ్లను పోగొట్టుకుంటే ఇక దారి ఉండదు.

సంఖ్యకు అర్థం చెప్పేటప్పుడు

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దేశాల లెక్కలను ప్రచురించినప్పుడు అవి వెయ్యి మందికి రోజుకు 4.4 డీడీడీల నుంచి 64.4 దాకా విస్తరించాయి. మొదటిది బురుండి, చివరిది మంగోలియా. తక్కువ అంకె వచ్చిన చోట మందు జాగ్రత్తగా వాడుతున్నారని అర్థం కావచ్చు, అవసరమైనవారికి అందడం లేదని కావచ్చు, లెక్కలోకి రాని మందు చాలా ఉందని కూడా కావచ్చు. అందుకే ఇతర దేశాలతో వరుసక్రమం పెట్టుకోవడం కన్నా, మీ దేశపు నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చడం ఎక్కువ నమ్మదగిన పని. యూరోపియన్ యూనియన్ 2023లో పెట్టుకున్న లక్ష్యం ఇలాంటిదే: 2019లో 19.9 డీడీడీలుగా ఉన్న సొంత వినియోగాన్ని 2030 నాటికి 20 శాతం తగ్గించుకోవాలి.

పిల్లల మోతాదు శరీర బరువును బట్టి ఉంటుంది కాబట్టి డీడీడీ వారి చికిత్సను తక్కువగా చూపుతుంది. పిల్లల శాతం బాగా ఎక్కువగా ఉన్న దేశాన్ని, వృద్ధులు ఎక్కువగా ఉన్న దేశాన్ని ఈ ఒక్క సంఖ్యతో పోల్చినప్పుడు ఈ మాట తప్పకుండా పక్కన రాయాలి. ఆసుపత్రుల్లో చికిత్స సరిగ్గా జరుగుతోందా అన్న ప్రశ్నకు, ఒకే రోజున వార్డుల్లోని రోగులందరి మందుల పత్రాలను పరిశీలించే నిర్ణీత దిన సర్వే చేయించండి. దేశస్థాయి గణన ఎక్కడ వెతకాలో చూపుతుంది, సర్వే అక్కడ ఏముందో చెబుతుంది. పశువులకు ఇచ్చే యాంటీబయాటిక్‌లను కూడా కొలవాలి గానీ వాటికి వేరే కొలమానం ఉంది, పశువుల మొత్తం బరువుతో పోల్చి మిల్లీగ్రాముల్లో లెక్కిస్తారు. ఆ రెండింటినీ ఒకే అంకెగా కలపవద్దు. మనుషులు, పశువుల వినియోగాన్ని పక్కపక్కన పెట్టి ఏటా ప్రచురించే పద్ధతికి, 1995లో డెన్మార్క్‌లో మొదలైన డాన్‌మాప్ అనే కార్యక్రమం మంచి నమూనా.

మరుసటి ఏడాది కోసం

నివేదిక విడుదలైన వారంలోనే, జ్ఞాపకం చెరిగిపోకముందే, మీరు తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక చిన్న పుస్తకంగా రాయండి: ఏ వ్యాపారి లెక్కలు రాలేదు, విలువ లేని మిశ్రమాలను ఎలా లెక్కించారు, ఏ సంవత్సరపు డీడీడీ జాబితా, ఏ జనాభా అంచనా వాడారు. మూల ఫైళ్లను, ఉత్పత్తుల పట్టికను, లెక్కించిన స్ప్రెడ్‌షీట్‌ను తేదీతో సహా రెండు చోట్ల భద్రపరచండి. ఆలస్యంగా వచ్చే లెక్కలు తప్పకుండా వస్తాయి. అవి వచ్చినప్పుడు పాత సంవత్సరాన్ని సవరించి, సవరించిన సంఖ్య పక్కన ఆ తేదీని వేసి, మొదట ప్రకటించిన సంఖ్యను కూడా అక్కడే కనబడేలా ఉంచండి.